శుక్రవారం లైను

పోయిన నెలలో మా అటెండరు చనిపోయాడు. ధూల్‌పేటలో వాళ్లింటికి వెళ్లి కాసేపు కూర్చుని వచ్చాను. వరండాలో రంగులు వేయని గణేశుడి బొమ్మలు వరసగా ఉన్నాయి. ఆయన అన్నదమ్ములు చేసే పని అది, చావు వచ్చిందని సీజన్ ఆగదు. ఆయన పెద్దకొడుకు నాకు కుర్చీ వేసి, "మా బాపుకు కంప్యూటర్ నేర్పింది మీరే గదా సార్" అన్నాడు. అవునన్నాను. అంతకంటే ఏమీ చెప్పలేదు. చెప్పవలసింది ఇంకా ఉంది. దాన్ని ఇక్కడ రాస్తున్నాను. సర్వర్లు చూసుకునే పిల్లలు చదివితే ఎక్కువ ఉపయోగం.

నేను పాతబస్తీలో ఆడపిల్లల శిక్షణ కేంద్రమొకదానిలో కంప్యూటర్ ల్యాబు ఇన్‌స్ట్రక్టరుగా పనిచేశాను. ఊరు గుంటూరు వైపు. ఉద్యోగం ఎక్కడొస్తే అక్కడికి పోవాలనుకుని వచ్చి, తిరిగి పోవాలనిపించక ఉండిపోయినవాణ్ణి. పిల్లలు చాలామంది లాడ్ బజార్ గల్లీల నుంచి, బార్కస్ నుంచి, ఇటు ధూల్‌పేట నుంచి వచ్చేవారు. ఈ కోర్సు పాసైతే ఆఫీసులో డేటా ఎంట్రీ పని దొరుకుతుందని వాళ్ల ఆశ. దొరికేది కూడా.

రెండువేల తరువాతి తొలి సంవత్సరాలవి. మా ల్యాబులో మంచి కంప్యూటరు ఒక్కటే ఉండేది. తక్కినవి ఏదో ఆఫీసు పనికిరావని ఇచ్చేసిన పాత డబ్బాలు, పద్నాలుగు. వాటిలో ఏ ప్రోగ్రామూ నడవదు. అందుకని మంచి మెషిన్‌లో లైనక్స్ వేసి, దాని మీద పద్నాలుగు డెస్క్‌టాపులు నడిపించి, ఒక్కో పాత డబ్బా తెర మీద ఒక్కో డెస్క్‌టాపు కనపడేలా చేశాను. అమ్మాయి టైపు చేసేది తన ముందున్న కీబోర్డు మీద. పని జరిగేది మూలనున్న పెద్ద మెషిన్‌లో. ఇప్పుడు దీన్ని పెద్ద విద్యగా ఎవరూ అనుకోరు. అప్పుడు చూడటానికి పక్క కేంద్రాల నుంచి వచ్చేవారు. నేను పని తెలిసినవాణ్ణి. ఆ సంగతి దాచుకునేవాణ్ణి కాదు.

ఆ డెస్క్‌టాపుల్ని కమాండుతోనే మొదలుపెట్టాలి, కమాండుతోనే ఆపాలి. vncserver అని కొట్టి, ఖాళీ వదిలి, కోలన్ పెట్టి, సీటు నెంబరు వేస్తే ఆ సీటుకు డెస్క్‌టాపు లేస్తుంది. ఆపాలంటే మధ్యలో -kill అని చేర్చాలి. అంతే. ముఖ్యంగా తెలుసుకోవలసింది ఇంకోటి: అమ్మాయి తన తెర మూసేసి వెళ్లిపోయినా పెద్ద మెషిన్‌లో ఆమె డెస్క్‌టాపు నడుస్తూనే ఉంటుంది. ఉదయం బ్యాచి అమ్మాయి సగం టైపు చేసిన ఉత్తరం మధ్యాహ్నం బ్యాచి అమ్మాయికి కనపడుతుంది. కాబట్టి రెండు బ్యాచిల మధ్య అన్నీ ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఆపినప్పుడు సేవ్ చేయనిదంతా పోతుంది.

ఈ పనిని అటెండరుకు నేర్పాను. ఆయన నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఎనిమిదో తరగతి వరకు చదివాడు. నేను ఆయన్ని నువ్వు అనేవాణ్ణి, ఆయన నన్ను సార్ అనేవాడు. అది ఎవరికీ తప్పుగా తోచేది కాదు. పన్నెండేళ్లుగా రోజుకూలీ లెక్కన పనిచేస్తున్నాడు. పర్మనెంటు చేయమన్న ఫైలు ఆ ఏడాదే పై ఆఫీసుకు కదిలింది.

రెండు కమాండ్లనూ అట్టముక్క మీద రాసిచ్చాను. చూసి, "కిల్ అంటే చంపుడా సార్?" అన్నాడు.

"అవును."

"గింత పెద్ద మాట దేనికి? బంద్ అంటే సరిపోవు గదా."

"అది రాసినవాణ్ణి అడగాలి."

"మీరు అడిగి చెప్పుండ్రి. నేనైతే బంద్ అనే అనుకుంట కొడ్త."

వారంలో అట్ట చూడటం మానేశాడు. కానీ నేను నేర్పనిది ఒకటి తనంతట తాను కలుపుకున్నాడు. ఆపే ముందు ఒక్కో సీటు దగ్గరికీ వెళ్లేవాడు. "అయిదో నెంబర్ బిడ్డా, దాచుకున్నవా?" అనేవాడు. "కర్ లిఏ చాచా" అని ఆ అమ్మాయి అన్నాకే మూలకు వెళ్లి అయిదో నెంబరు ఆపేవాడు. మళ్లీ ఆరో సీటు దగ్గరికి. మరచిపోయిన పిల్ల నాలుక కరుచుకుని సేవ్ చేసుకునేవరకు పక్కనే నిలబడేవాడు. అందరినీ ఒకేసారి అడగొచ్చు కదా అన్నాను ఒకసారి. "అందరినడిగితె అందరూ ఊ అంటరు సార్. ఒక్కొక్కరినడిగితె నిజం చెప్తరు" అన్నాడు.

పద్నాలుగు సీట్లు ఇలా ఆపేసరికి ఇరవై నిమిషాలు పట్టేది. రెండో బ్యాచి వరండాలో నిలబడి లొల్లి చేసేది. ప్రిన్సిపాల్ మేడమ్ ఒకటి రెండుసార్లు తొంగిచూసి, "ఏంది సార్, మీ ల్యాబుకు పెళ్లి భోజనాల లెక్క బంతులు నడుస్తున్నయి" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు గుచ్చుకుంది.

లైనక్స్‌లో క్రాన్ అని ఒక ఏర్పాటు ఉంది. ఒక ఫైలులో ఏ రోజు, ఏ సమయానికి, ఏ కమాండు నడవాలో లైను రాసిపెడితే అది తనంతట తాను నడుపుతుంది. నేను మామూలు రోజులకు ఒక లైను రాశాను: ఒంటిగంటకు అన్నీ ఆపి మళ్లీ లేపు. శుక్రవారం మా దగ్గర ఉదయం బ్యాచి నమాజు కోసం పన్నెండున్నరకే వదిలేవారు. అందుకని శుక్రవారానికి వేరే లైను రాశాను: పన్నెండున్నరకు ఆపు. ఇరవై నిమిషాల పని నాలుగు సెకన్లకు వచ్చింది.

అటెండరుకు చూపించాను. "మరి అడిగేదెవరు సార్?" అన్నాడు.

"అడగనక్కర్లేదు. ఒంటిగంటకు ఆగుతుందని పిల్లలకు తెలుసు. వాళ్లే సేవ్ చేసుకుంటారు."

ఆయన తల ఊపి, కీబోర్డు మీద గుడ్డ కప్పి వెళ్లిపోయాడు. పిల్లలు అలవాటు పడ్డారు. నాలుగు నెలలు ఏ ఇబ్బందీ లేదు.

తరువాత వార్షిక ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. గురువారం అనుకున్నాం. బుధవారం సాయంత్రం నేను మరిచిపోకుండా మామూలు రోజుల లైను ముందు ఒక గుర్తు పెట్టి అది నడవకుండా చేశాను. పరీక్ష మధ్యలో ఆగిపోకూడదు కదా. గురువారం ఉదయం బయటి నుంచి రావలసిన ఎగ్జామినర్ ఫోను చేసి, వేరే డ్యూటీ పడింది, రేపు వస్తానన్నాడు. పిల్లలకు రేపు రమ్మని చెప్పి పంపేశాం. క్రాన్ లైను నిన్ననే ఆపేశాను గదా అనుకున్నాను. ఫైలు మళ్లీ తెరవలేదు.

శుక్రవారం తొమ్మిదికి మొదలుపెట్టి పన్నెండింటికి ముగిద్దామని మేడమ్ చెప్పారు. ఎగ్జామినర్ వచ్చేసరికి పది. సన్నగా, పొడుగ్గా, చేతిసంచిలో సొంత మంచినీళ్ల సీసా తెచ్చుకునే మనిషి. మూడు ప్రశ్నలు, మూడు గంటలు, ఒంటిగంట వరకు అని బోర్డు మీద రాశాడు. పెద్ద మెషిన్ దగ్గరికి ఎవరూ పోకుండా అటెండరును ఆ కుర్చీలో కూర్చోబెట్టాను. నేను రెండో వరసలో తిరుగుతున్నాను.

పన్నెండున్నరకు పద్నాలుగు తెరలూ ఒకేసారి నల్లబడ్డాయి.

అప్పుడు నేను ఏం చేశానో బాగా గుర్తుంది. గోడ గడియారం చూశాను.

"చాచా, క్యా హువా?" అని మూడో సీటు అమ్మాయి అరిచింది. అటెండరు కంగారుగా ముందుకు వంగి ఒకటి రెండు మీటలు నొక్కాడు. ఎగ్జామినర్ తలెత్తి చూసిన క్షణంలో ఆయన చేతులు కీబోర్డు మీదున్నాయి.

"ఏం చేశావయ్యా నువ్వు?" అన్నాడు ఎగ్జామినర్.

"నేనేం జెయ్యలే సార్. నల్లగైనంక ఒత్తిన."

"నొక్కాక నల్లబడిందా, నల్లబడ్డాక నొక్కావా?"

"నల్లబడ్డంకనే సార్."

"కీబోర్డు మీద చేతులు నేను చూశాను గదా."

నేను వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాను. డెస్క్‌టాపులు ఆగిపోయాయి. ఏ పని ఎప్పుడు నడిచిందో మెషిన్ రాసుకునే లాగ్ ఫైలు తెరిచాను. చివరి వరుసలో పన్నెండు ముప్పై, పక్కన క్రాన్ అని ఉంది. శుక్రవారం లైను. అది నేను రాసింది, నేను ఆపడం మరిచింది. అప్పటికి సమయం పన్నెండు ముప్పై అయిదు. ఫైలు మూసేసి పద్నాలుగు డెస్క్‌టాపులూ చేత్తో ఒక్కొక్కటే లేపాను.  నా వెనక ఎగ్జామినర్, మేడమ్, అటెండరు నిలబడి ఉన్నారు. వెనక్కి తిరిగి ఒక వాక్యం చెబితే సరిపోయేది. "అన్నీ లేచాయి, మొదలుపెట్టించండి" అన్నాను.

అయిదుగురు అమ్మాయిలు మధ్యలో సేవ్ చేసుకున్నారు. తొమ్మిది మందికి రెండున్నర గంటల పని పోయింది. ఎగ్జామినర్ కాసేపు సణిగి, చివరికి న్యాయంగానే చేశాడు. మూడు ప్రశ్నల్లో ఏవైనా రెండు చాలు, రెండింటి వరకు సమయం అన్నాడు. ఒకమ్మాయి వెంటనే ఏడుపు మొదలుపెట్టింది. పరీక్ష గురించి కాదు. కింద గేటు దగ్గర వాళ్లన్నయ్య పన్నెండు నుంచీ ఉన్నాడు, నమాజుకు ఆలస్యమైతే ఊరుకోడని.

ఆ మాట అటెండరు విన్నాడు. ఎవరూ చెప్పకుండానే కిందికి దిగాడు. నేను కిటికీ నుంచి చూశాను, మాటలూ వినపడ్డాయి. గేటు దగ్గర తొమ్మిది పదిమంది ఉన్నారు, స్కూటర్ల మీద కొందరు, నడిచి వచ్చినవాళ్లు కొందరు.

"క్యా చాచా, బారా బోలే థే ఆప్," అన్నాడు ఒకతను, పన్నెండన్నారు గదా అని.

"మెషిన్ ఖరాబ్ హువా భాయ్. బచ్చియోం కా కసూర్ నై. ఆప్ లోగాఁ నమాజ్ పఢ్‌కే ఆవ్. జబ్ తక్ మైఁ గేట్ పే బైఠతుఁ. ఏక్ భీ బచ్చీ బాహర్ నై జాతీ, మేరీ జిమ్మేదారీ."

"ఆప్ బైఠింగే?"

"మైఁచ్ బైఠింగా. ఫికర్ నక్కో."

నమాజు చేసి వచ్చేవరకు తనే గేటు దగ్గర కూర్చుంటానని, ఒక్క పిల్లనూ బయటికి పోనివ్వనని ఆయన పూచీ పడ్డాక, వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని మసీదు వైపు వెళ్లారు. ఒక్కతను మాత్రం లాడ్ బజార్‌లో కొట్టు తెరవాలి, మళ్లీ రావడం కుదరదన్నాడు. ఆ అమ్మాయి పరీక్ష వదిలేసి వెళ్లిపోయింది. మిగతా పదమూడు మంది పూర్తిచేశారు. ఆ ఒక్కమ్మాయి ఆరు నెలల తరువాత మళ్లీ రాసి పాసైంది. ఆ ఆరు నెలలు నావల్ల పోయాయి.

రెండింటికి పరీక్ష అయిపోయింది. రెండున్నరకు మేడమ్ అటెండరును గదికి పిలిచారు. నేనూ ఉన్నాను.

"నిన్ను అక్కడ కూసొమ్మన్నది ఎవ్వరూ ముట్టుకోకుండ ఉండటానికి. నువ్వే ముట్టుకుంటె ఎట్ల?" అన్నారు.

"ముట్టుకున్న మేడమ్. నల్లగైనంక."

"ఎగ్జామినర్ రిపోర్టుల రాసిపోయిండు. నేను ఏదన్న రాయాలె గదా. నువ్వు ఎక్స్‌ప్లనేషన్ ఇయ్యి. నీ ఫైలు పైన ఉన్నప్పుడే గిట్ల చేసుకుంటవా?"

ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆ ఫైలును పైకి కదిలించింది ఆవిడే. కానీ ఎక్స్‌ప్లనేషన్ కాగితం ఒకటి ఆ ఫైలులో చేరితే అది ఇంక కదలదు. ఆ సంగతి గదిలో ముగ్గురికీ తెలుసు.

ముందు పరీక్ష కానివ్వాలి, తరువాత చెబుదామని నాకు నేను చెప్పుకున్నాను. పరీక్ష అయిపోయింది. ఎగ్జామినర్ ముందు కేంద్రం పరువు పోకూడదనుకున్నాను. ఎగ్జామినర్ వెళ్లిపోయాడు. ఇంకే సాకు మిగిలిందో వెతుక్కుంటూ ల్యాబులో కూర్చున్నాను.

మూడున్నరకు అటెండరు తెల్లకాగితం పట్టుకుని వచ్చాడు.

"సార్, నాకు దరఖాస్తు భాష రాదు. జర రాసియ్యుండ్రి."

"ఏం రాయమంటావు?"

ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. "ఫలానా దినం నేను మెషిన్ కాడ కూసున్న. తెరలన్ని నల్లగైనయి. పోరి అరిచింది. నేను బటన్ ఒత్తిన. బంద్ చేసే కమాండు కొట్టలే. అయినా నేను గాడ ఉంటి కాబట్టి తప్పైంది, మాఫ్ చెయ్యుండ్రి. గంతే."

రెండు వాక్యాలు రాశాను. మూడోది రాయలేకపోయాను. కలం పెట్టేశాను.

"ఇది నువ్వు ఇవ్వనక్కర్లేదు. శుక్రవారానికి నేను రాసిన లైను ఒకటుంది. దాన్ని ఆపడం మరిచాను. అదే అన్నిటినీ ఆపింది."

ఆయన కదలలేదు. "ఎప్పుడు తెలిసింది సార్ మీకు?"

"లాగ్ చూసినప్పుడు."

"లాగ్ అంటె?"

"మెషిన్ రాసుకునే చిట్టా. పన్నెండు ముప్పై అయిదుకు చూశాను."

"గంతకు ముందే తెలుసు సార్ మీకు. తెరలు పోంగనే అందరు మెషిన్ దిక్కు చూసిండ్రు. మీరు గడియారం దిక్కు చూసిండ్రు."

 ఆయన తెలిసే వచ్చాడు. నేను ఆ కాగితం రాసిస్తానో లేదో చూద్దామని వచ్చాడు. రెండు వాక్యాలు రాసేవరకు ఓపిక పట్టాడు.

కాగితం నా చేతి కింద నుంచి తీసి నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "గయితే మీ కాయిదం మీరు రాసుకోండ్రి," అని కిటికీలు వేయడానికి లేచాడు.

రాసుకున్నాను. అటెండరు ఏ కమాండూ ఇవ్వలేదని, తప్పు నాదని, సాంకేతికంగా ఎలా జరిగిందో అర పేజీ రాసి నాలుగింటికి మేడమ్‌కి ఇచ్చాను. ఆవిడ రెండుసార్లు చదివి, "మీ అంతల మీరే చెప్పిండ్రు, అది మంచి లక్షణం" అన్నారు. ఆ పొగడ్త తీసుకున్నాను. నాకు మెమో వచ్చింది. నా సర్వీసు రిజిస్టరులో అదొక్కటే.

సోమవారం క్రాన్ ఫైలులో రెండు లైన్లూ తీసేశాను. మళ్లీ చేత్తోనే ఆపడం, మళ్లీ ఇరవై నిమిషాలు. ఆలస్యమెందుకని మేడమ్ అడగలేదు.

అటెండరు మాత్రం నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. కోపం చూపించే మనిషి కాదు. మిగతా స్టాఫుకు టీ ఇస్తూ ఏదో ఒక పరిహాసం ఆడేవాడు. నా బల్ల మీద గ్లాసు పెట్టి వెళ్లిపోయేవాడు. నేను మాట కలపబోతే "సార్" అని నిలబడేవాడు, నేను చెప్పేది పనేమోనని. అలా దాదాపు అయిదు నెలలు. రెండు సెకన్లలో చెప్పగలిగిన మాటను మూడు గంటలు ఆపితే ఎంత అవుతుందో నాకు అప్పుడు తెలిసింది.

పిల్లలూ, ఈ పనిలో ఇన్నేళ్లు ఉండి నేను గట్టిగా చెప్పగలిగింది ఒకటుంది. మొదలుపెట్టే కమాండు తప్పు కొడితే మెషిన్ కాదంటుంది, మీరు దిద్దుకుంటారు. ఆపే కమాండు తప్పు చోట కొట్టినా చక్కగా పనిచేస్తుంది, వేరేవాళ్ల పని మీద. తప్పులు జరుగుతాయి. నా తరువాత వచ్చినవాళ్లు నాకంటే పెద్దవి చేశారు, ఎవరికీ ఉద్యోగం పోలేదు. ఆపింది మీరైతే, ఆ గదిలో ఉన్నవాళ్లు గదిలో ఉండగానే చెప్పండి.

వేసవి సెలవుల ముందు ఆయన ఆర్డరు వచ్చింది. పర్మనెంటు. మేడమ్ గదిలో అందుకుని, మెట్లెక్కి ల్యాబుకు వచ్చాడు. పిల్లలు లేరు.

"సార్, జర సదువుండ్రి."

ఇంగ్లీషులో ఉంది. చదివి, తెలుగులో చెప్పాను. "మళ్లొక్కసారి," అన్నాడు. మళ్లీ చదివాను. తన పేరు వచ్చిన చోట వేలు పెట్టి చూపించమన్నాడు. చూపించాను. కాగితం మడిచి కవరులో పెట్టుకుని, వెళ్లకుండా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మీకొచ్చిన మెమో ఉన్నదా సార్?"

"సొరుగులో ఉంది."

"గది గూడ సదువుండ్రి."

తీసి చదివాను. పరీక్ష సమయంలో అజాగ్రత్త వహించారని, అయితే తరువాత పరిశీలించి తమ పొరపాటును స్వయంగా తెలియజేసినందున హెచ్చరికతో సరిపెట్టడమైనదని అందులో ఉంది.

"తర్వాత అంటె ఎప్పుడు?"

"ఎప్పుడో ఇందులో లేదు."

"మీరు రాసిచ్చిన దాంట్ల?"

"అందులోనూ లేదు."

ఆయన చేతిలోని ఆర్డరు కవరు చూసుకున్నాడు. "నా కాయిదంల గూడ లేకపాయె. మరి గా మూడు గంటలు ఏడ ఉన్నట్టు సార్?"

నేను మెమో మళ్లీ సొరుగులో పెట్టాను. ఆయన జవాబు కోసం ఎక్కువసేపు ఆగలేదు. "ఛాయ్ తాగుదాం పాండ్రి, ఇయ్యాల నేను తాపిస్త," అన్నాడు. కిందికి దిగి గేటు అవతల హోటల్లో తాగాం. ఆ రోజు నుంచి మామూలుగానే మాట్లాడాడు. రిటైరైన తరువాత కూడా ఏడాదికి రెండుసార్లు కలుసుకునేవాళ్లం. ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

ఆ శుక్రవారం పన్నెండున్నరకు నాకు అనుమానం వచ్చింది. పన్నెండు ముప్పై అయిదుకు ఖాయంగా తెలిసింది. మూడున్నరకు చెప్పాను. ఈ మధ్యలో ఉన్న సమయమంతా నా తప్పును ఆయన మోశాడు. నేను ఆఫీసుకు ఇచ్చిన కాగితంలో ఈ మాట లేదు, ఇక్కడ రాశాను.